మా జిలేబి ముద్ద ముట్టని ఏడు వారాలు (నా అనుభవం)

ముందే చెప్పేస్తున్నా, పామంటే నాకు చచ్చేంత భయం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, చిన్నప్పుడు దొడ్లో పిడకల గూడులో చెయ్యి పెడితే లోపల్నుంచి కట్లపాము బయటికొచ్చింది, ఆ రోజు నుంచి పిడకలు తెచ్చే పని మా అన్నయ్యకి పోయింది. అలాంటి నేను ఇప్పుడు హ్యూస్టన్ పక్కన కేటీలో, రాత్రి పదకొండింటికి గరాజ్‌లో చతికిలబడి, పొడుగాటి పట్టకారుతో చచ్చిన ఎలక పిల్లని పట్టుకుని "తినవే తల్లీ, ఒక్కసారి చూడవే" అని ఒక పాముపిల్లని బతిమాలుకున్నానంటే మా అన్నయ్య ఇప్పటికీ నమ్మట్లేదు, ఫొటో పంపినా ఎడిటింగ్ అంటాడు.

మా వాడికి పన్నెండేళ్ళు. రెండేళ్ళుగా పాము పాము అని ప్రాణం తోడేశాడు. కుక్క కొందాం అంటే వద్దు, చేపలంటే వద్దు. మా ఆయన ఏదో మూడ్‌లో ఉండి సరే అనేశారు, అని సోమవారం పొద్దున్నే ఫ్లైట్ ఎక్కి క్లయింట్ దగ్గరికి వెళ్ళిపోయి గురువారం రాత్రికి తేలతారు కాబట్టి ఆ "సరే" నా నెత్తిన పడింది. సెప్టెంబర్ మూడో వారంలో పాముల మేళాకి (నిజంగానే ఉంటుందండీ, హాలు నిండా టేబుళ్ళు, టేబుళ్ళ నిండా మూత పెట్టిన డబ్బాలు, డబ్బాల్లో పాములు) వెళ్ళి కార్న్ స్నేక్ పిల్లని తెచ్చారు. విషం ఉండదు, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము, పొట్ట కింద తెలుపూ నలుపూ గళ్ళు మొక్కజొన్న గింజల్లా ఉంటాయి. పెద్దయితే నాలుగైదు అడుగులు. ఇరవై ఏళ్ళు బతుకుతుంది, అంటే మా వాడు కాలేజీకి పోయాక కూడా ఇది నా దగ్గరే ఉంటుందన్నమాట, ఈ లెక్క కొనేముందు ఎవరూ వెయ్యలేదు. ఇది చూసి ఇండియాలో ఎవరూ ట్రై చెయ్యకండి, అక్కడ దొరికే పాముల్ని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

తెచ్చినప్పుడు ఎంతుందంటే ఫోన్ ఛార్జర్ వైరంత లావు, స్కేలు బద్దంత పొడుగు. నారింజ రంగు, దాని మీద ఎర్ర మచ్చలు, చుట్ట చుట్టుకుంటే అచ్చం జిలేబి, అందుకే ఆ పేరు. నేను ఈస్ట్ తూచుకునే చిన్న కాటా మీద పెడితే 7.4 గ్రాములు. అమ్మినతను రెండు సార్లు తిన్నది, వారానికో పింకీ వెయ్యండి చాలు అన్నాడు. పింకీ అంటే పుట్టి ఒకట్రెండు రోజులైన చిట్టెలుక పిల్ల, బొచ్చు రాదు, కళ్ళు తెరవదు, ఫ్రీజ్ చేసి ప్యాకెట్లలో అమ్ముతారు. ఆ ప్యాకెట్‌ని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టనివ్వనని గొడవ చేసి గరాజ్ ఫ్రీజర్‌లో పాత ఐస్‌క్రీం డబ్బాలో వేసి మూత పెట్టా. ఈ డబ్బా గుర్తుంచుకోండి.

మొదటివారం దాన్ని కదపకూడదని చదివాం. మా వాడు కదపలేదు, కానీ రోజుకి ముప్పైసార్లు మూత తీసి "ఉందా" అని చూశాడు. వాడి ఫ్రెండ్స్ వచ్చి చూశారు. ఆ ఫ్రెండ్స్ అమ్మానాన్నలు వచ్చి గుమ్మం దగ్గర నుంచి చూశారు. ఎనిమిదో రోజు పింకీని ముందురోజు రాత్రి కింద అరలోకి దించి, పొద్దున్న జిప్ కవర్‌లో వేసి వేణ్ణీళ్ళల్లో పెట్టి గోరువెచ్చగా చేసి (మైక్రోవేవ్‌లో పెట్టకండి, పగులుతుంది, ఎలా తెలుసని అడక్కండి) పట్టకారుతో ముందు పెట్టాం. జిలేబి తల వెనక్కి లాక్కుని, తోక చివర గజగజ ఆడించి, ఒక రకమైన కంపు వదిలి నీళ్ళ గిన్నె కింద దూరింది. ఆ కంపు మాటల్లో చెప్పలేను, కుళ్ళిన ఉల్లిపాయకీ తడి కుక్కకీ మధ్యలో ఏదో. ఒకసారి కరిగించిన ఎలకని మళ్ళీ ఫ్రీజ్ చెయ్యకూడదు, పారెయ్యాలి. పారేశాం.

రెండోవారం రాత్రిపూట పక్కన పెట్టి వదిలేశాం, పొద్దున్నకి ఎండిపోయి అక్కడే ఉంది. మూడోవారం జిలేబి రంగు మసకేసింది, కళ్ళు పాలు పోసినట్టు తెల్లగా నీలంగా అయ్యాయి, నేను చచ్చిపోతోందని ఏడుపు మొహం పెట్టుకుని మా ఆయనకి ఫోన్ చేశా, ఆయన మీటింగ్‌లో ఉండి "మెసేజ్ పెట్టు" అన్నారు. నాలుగు రోజులకి కుబుసం విడిచింది. కుబుసానికి ముందు చాలా పాములు తినవట, కంటి మీద పొర కూడా కుబుసంతోనే ఊడుతుంది కాబట్టి ఆ రోజుల్లో దానికి సరిగ్గా కనపడదు, చిరాగ్గా ఉంటుంది. ఇది తెలియక ఆ వారంలోనే నేను మూడు పింకీలు దండగ చేశాను, ఒక్కోసారి దాని మొహానికి ఆనించి మరీ. ఇప్పుడు తల్చుకుంటే జ్వరంతో ఉన్న పిల్లకి నోట్లో ఇడ్లీ కుక్కినట్టే.

ఈ లోపు బరువు 6.8.

అప్పుడు పాముల్ని కూడా చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ జిలేబిని అరచేతిలో వేసుకుని, ప్లాస్టిక్ ముక్కతో నోరు తెరిచి చూసి, బాగానే ఉంది అని, ఇక ప్రశ్నలన్నీ నన్నే అడిగింది. డబ్బా ఎంత పెద్దది? నలభై గ్యాలన్లు. దాక్కోడానికి ఏముంది? ఒక చెక్క ముక్క. వేడి ఎంత? అద్దం మీద స్టిక్కర్ 80 ఫారెన్‌హీట్ చూపిస్తోంది అన్నా. నేల మీద ఎంత ఉంది అంది. నేల మీద చూడలేదు. ఇంటికొచ్చి, మా ఆయన పిజ్జా రాయి కోసం కొన్న టెంపరేచర్ గన్ (నేను దోశ పెనానికి వాడతా, చాలా బాగా పనికొస్తుంది) పెట్టి కింద హీట్ మ్యాట్ (వేడి కోసం అడుగున పెట్టే పలక) ఉన్న చోట కొడితే 104 చూపించింది! దానికి కావాల్సింది 82 నుంచి 85. థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా చూసేది) విడిగా కొనాలని బాక్సు మీద రాసే ఉంది, మేం ఎవరం చదవలేదు. పాపం అది నెలరోజులు కాలే పెనం పక్కన కూర్చుని ఉంది, మేమేమో తినట్లేదు తినట్లేదు అని.

థర్మోస్టాట్ తెచ్చాం, దాని వైరు కొస మ్యాట్ మీద టేపేసి అంటించాం. ఆ పెద్ద ట్యాంక్ తీసేసి చెప్పుల డబ్బా అంత ప్లాస్టిక్ టబ్‌లోకి మార్చాం, గాలికి చిల్లులు పెట్టి, కింద పేపర్ టవల్, వేడి వైపొకటి చల్లటి వైపొకటి ఇరుకు గూళ్ళు (టిష్యూ రోలు అట్టగొట్టాలే), నీళ్ళగిన్నె, అంతే. పెద్ద ఇంట్లో పెడితే సుఖంగా ఉంటుందని మనం అనుకుంటాం కానీ ఏడు గ్రాముల ప్రాణికి ఖాళీ చోటంటే ఎక్కడనుంచి ఏ గద్ద వస్తుందో అన్న భయమే. డాక్టర్ ఇంకో మాట కూడా చెప్పింది, బరువు ఆరు గ్రాముల కిందికి పోతే తీసుకురండి, ఇక్కడ నోరు తెరిచి పెడతాం, మీరు మాత్రం ఇంట్లో ఆ పని చెయ్యొద్దు, దవడలు అగ్గిపుల్లలకంటే సున్నితంగా ఉంటాయి అని.

అక్టోబర్ మధ్యలో మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. ఆవిడకి పాము సంగతి చెప్పాం, ఎలకల సంగతి చెప్పలేదు. వచ్చిన మూడో రోజు చట్నీకి కొబ్బరి తురుము కావాలని గరాజ్ ఫ్రీజర్ తెరిచారు. మనిళ్ళల్లో ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉండదని ఆవిడకి బాగా తెలుసు కాబట్టి తిన్నగా దాన్నే తీశారు. నేను వంటింట్లో ఉన్నా, కేకేమీ వినపడలేదు. కాసేపటికి ఖాళీ చేతులతో లోపలికొచ్చి, సింక్ దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, "అమ్మాయ్, ఆ డబ్బాలో ఉంది కొబ్బరి కాదు" అని మళ్ళీ తలస్నానానికి వెళ్ళిపోయారు. చట్నీ ఆ రోజు పల్లీలతో అయ్యింది. సాయంత్రానికి ఆ డబ్బా మూత మీద నల్ల మార్కర్‌తో గుండ్రటి అక్షరాల్లో "ఎలికలు - ముట్టరాదు" అని రాసి ఉంది.

నేననుకున్నా ఇక పాముని బయటికి పంపించేస్తారని. ఆవిడ రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో టబ్ దగ్గర నిలబడి చూసేవారు, ముట్టుకోరు, మూత తియ్యరు. నేను ఆ వారం ఒక్కో చిట్కా చేస్తుంటే (పింకీని వాసన లేని సబ్బుతో కడగడం, వేణ్ణీళ్ళలో ఉడకబెట్టడం, చికెన్ ఉడికించిన నీళ్ళలో ముంచడం, ఆఖరికి సూదితో తల మీద గాటు పెట్టి లోపలి గుజ్జు కొంచెం కనపడేట్టు చెయ్యడం, ఇది నిజంగా చాలా పాములకి పనిచేసే చిట్కానే కానీ చేసిన రోజు నేను అన్నం తినలేకపోయా) ఆవిడ వెనకాల నుంచి "వీడు చిన్నప్పుడు నువ్వు ఇలాగే చేశావు, గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగేదానివి, నిన్ను చూస్తేనే వాడు నోరు మూసేసేవాడు" అన్నారు. కోపమొచ్చింది. నిజమే కాబట్టి ఇంకా ఎక్కువొచ్చింది.

అప్పుడు పెట్టుకున్నాం రూలు. వారానికి ఒక్క ప్రయత్నం, మంగళవారం రాత్రి. మిగతా ఆరు రోజులు టబ్ మీద నల్ల టవల్, నీళ్ళు మార్చడానికి తప్ప ఎవరూ మూత తియ్యరు, కాటా మీద పెట్టేది కూడా వారానికోసారే. మా వాడికి ఇది పరీక్షలకంటే కష్టమైంది.

అసలు విషయం డాక్టర్ రెండో విజిట్‌లో చెప్పింది. అడవిలో కార్న్ స్నేక్ పిల్లలు మొదట్లో తినేది ఎలకల్ని కాదు, బల్లుల్ని, చిన్న చెట్టుకప్పల్ని. సన్న నోట్లో పట్టేది అదే. పాము నాలుక ఆడించేది వాసన కోసం, గాల్లో వాసనని నాలుక కొసలకి అంటించుకుని నోటి పైభాగంలో ఉండే ఒక అవయవానికి అందిస్తుంది, అక్కడ "ఇది తిండి" అని తేలితేనే నోరు తెరుస్తుంది. కొన్ని పిల్లలకి ఎలక వాసన తిండి లిస్టులోనే ఉండదు. మనం వేడి చేసి, కడిగి, ఉడకబెట్టి ఎన్ని వేషాలు వేసినా దానికది తిండి కాదు, ఒక వింత వస్తువు. కాబట్టి ఎలకకి బల్లి వాసన పూయాలి.

బల్లి మా పెరట్లోనే ఉంది. ఇక్కడ కంచె మీద పచ్చగా, గొంతు కింద గులాబి రంగు తోలు విసనకర్రలా తెరిచి మూసే తొండలాంటిది తిరుగుతుంటుంది, ఎనోల్ అంటారు. బయటి బల్లుల వల్ల పాముకి పురుగులు పట్టే రిస్కు కొంచెం ఉందనీ, తినిపించకుండా కేవలం రుద్ది వదిలేస్తే ఆ రిస్కు తక్కువనీ డాక్టర్ చెప్పింది. సరే అని ఆదివారం మధ్యాహ్నం ఎండలో నేనూ మా వాడూ చీపురు, వడకట్టే జల్లెడ పట్టుకుని కంచె వెంట గంటన్నర పరిగెత్తాం. పక్కింటాయన తన డెక్ మీంచి బీరు తాగుతూ చూస్తున్నాడు, ఏం అడగలేదు, మంచివాడు. చివరికి మా వాడు పట్టాడు, పట్టగానే తోక వాడి వేళ్ళ మధ్యే తెగిపోయి ఎగిరెగిరి పడింది, ఎనోల్ కంచె దాటింది. మా వాడు భయపడి ఏడ్చాడు, దానికి మళ్ళీ మొలుస్తుందిరా అని సముదాయించి, తోకని జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టా. ముట్టరాదు డబ్బాలోనే.

ఆ మంగళవారం నాగులచవితి. అత్తయ్యగారు పొద్దున్నే పిండితో పీట మీద నాగపడగ వేసి, పసుపు కుంకుమ పెట్టి, చలిమిడి, చిమ్మిలి, నానబెట్టిన పెసరపప్పు నైవేద్యం పెట్టారు. పాలు పోస్తుంటే మా వాడు ఊరుకోడుగా, "నానమ్మా, పాములు పాలు తాగవు, వాటికి అరగవు" అన్నాడు. ఆవిడ తలెత్తకుండా "తాగుద్దని ఎవడు పోశాడ్రా, మా పొలంలో నన్ను కరవకుండా ఉన్నందుకు పోసేదాన్ని" అన్నారు. వాడి దగ్గర దీనికి సమాధానం లేదు. పొద్దున్న తూస్తే జిలేబి 6.1 గ్రాములు. బుధవారం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునే పెట్టా. కార్తీకమాసం కదా, ముందురోజు సోమవారం అత్తయ్యగారు ఉపవాసం, కాటా మీద అంకె చూసి "నా ఉపవాసం చుక్క కనపడగానే అయిపోద్ది, దీనిదే కఠినంగా ఉంది" అన్నారు.

రాత్రి పదింటికి ఇల్లంతా లైట్లు ఆపేశాం. ప్యాకెట్లో అన్నిటికంటే చిన్న పింకీ ఎంచి కరిగించి, కడిగి, తుడిచి, ఆ తోకతో తల నుంచి నడుం దాకా గట్టిగా రుద్దాను. బిర్యానీ సెంటర్ వాళ్ళు రైతా ఇచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బాకి వేడి సూదితో చిల్లులు పెట్టి ఉంచాం, అందులో పింకీ, పక్కన జిలేబి, పైన మూత, ఆ డబ్బాని టబ్‌లోనే వేడి వైపు పెట్టేశాం. ఇరుకు చోట్లో తిండి ఎదురుగానే ఉంటే పారిపోయే ఆలోచన తగ్గుతుందట. ఫోన్ టార్చ్ మీద ఎర్ర జిలుగు కాగితం కట్టి మా వాడు పట్టుకున్నాడు.

ఇరవై నిమిషాలు ఏమీ లేదు. అంచు వెంట చుట్టూ తిరిగి మూత ముక్కుతో తోసి చూసింది. తర్వాత ఆగింది. నాలుక, మామూలుగా ఒకసారి రెండుసార్లు ఆడించేది, ఈసారి ఆగకుండా టకటకా ఆడిస్తూ, తల ఒక పక్కకి వంచి, పింకీ వీపు మీంచి మెడ దాకా వాసన చూసుకుంటూ పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మా వాడి చెయ్యి వణుకుతోంది, ఎర్ర వెలుగు కూడా వణుకుతోంది. నేను ఊపిరి బిగబట్టి, ఇక పోతుందిలే అనుకుంటుండగా చటుక్కున పట్టుకుంది. చచ్చినదాన్ని, కదలనిదాన్ని, పట్టుకుని రెండు చుట్లు చుట్టి గట్టిగా బిగించింది! ఆ బిగింపు చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తర్వాత వదిలి, తల ఎటుందో వెతుక్కుని, ముక్కు నుంచి మొదలుపెట్టింది. కుడి దవడ కొంచెం ముందుకి, ఎడమ దవడ కొంచెం ముందుకి, అలా నడుచుకుంటూ పోయినట్టు. మధ్యలో ఆగిపోయింది, దాని తలకంటే పింకీ పొట్ట లావు, చర్మం సాగి పొలుసుల మధ్య తెల్లగా కనపడుతోంది, కక్కేస్తుందేమో అనుకున్నా. మళ్ళీ కదిలింది. ఆఖరికి రెండు చిన్న గులాబి కాళ్ళు, దారమంత తోక మిగిలాయి, అవి కూడా పోయాయి. పద్నాలుగు నిమిషాలు. అప్పుడు నోరు బార్లా తెరిచి ఆవలించింది, దవడలు సర్దుకోడానికట, ఒకసారి కాదు మూడుసార్లు. మెడ కింద బఠాణీ మింగినట్టు ఉబ్బు మెల్లగా కిందికి దిగుతోంది.

వెనక్కి తిరిగితే అత్తయ్యగారు తలుపు సందులోంచి చూస్తున్నారు, కొంగు నోటికడ్డం పెట్టుకుని. "అయిందా" అన్నారు. అయింది అన్నా. "ఇక దాన్ని కదపమాకండి" అని వెళ్ళి పడుకున్నారు.

కదపలేదు. తిన్నాక రెండు రోజులు చేత్తో ముట్టుకుంటే కక్కెయ్యొచ్చు, కక్కితే మళ్ళీ పది పద్నాలుగు రోజులు ఏమీ పెట్టకుండా ఆగి, ఇంకా చిన్నదానితో మొదలుపెట్టాలి, ఆరు గ్రాముల పిల్లకి అది మామూలు దెబ్బ కాదు. నాలుగో రోజు పేపర్ టవల్ మీద చిన్న నల్లటి మరక, పక్కన తెల్లటి సున్నంలాంటిది కనపడితే మా వాడు ఫొటో తీసి వాళ్ళ నాన్నకి పంపాడు, ఆయన మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసి ఉన్నారట.

తర్వాతి మంగళవారం కూడా తోక వాసనతోనే తిన్నది. మూడోసారి తల మీద మాత్రమే రుద్దా, నాలుగోసారి ముక్కు మీద ఊరికే ఒకసారి ఆనించా, అయిదోసారి మర్చిపోయినట్టు నటించి మామూలు పింకీ పెట్టా, అరగంట ఆలోచించి తిన్నది. ఇది ముఖ్యం, వాసన అలవాటు మాన్పించకపోతే జీవితాంతం తొండల వెంట జల్లెడ పట్టుకుని తిరగాలి. జనవరికి 13 గ్రాములైంది. అత్తయ్యగారు ఫిబ్రవరిలో ఇండియా వెళ్ళారు, వెళ్ళేముందు ఆ డబ్బా మూత మీద అక్షరాలు చెరిగిపోతున్నాయని మళ్ళీ దిద్ది వెళ్ళారు.

ఈ రోజు మంగళవారం. మా వాడు బడి నుంచి రాగానే ఎలక తీసి కింద అరలో పెట్టావా అని అడిగాడు. పెట్టలేదు. నిన్నట్నుంచి జిలేబి రంగు మసకేసింది, కళ్ళల్లో పాలు దిగాయి, కుబుసం విడిచేదాకా తినదు. టబ్ మీద టవల్ కప్పేసి వచ్చా.